గొంతులో చేప ముల్లు గుచ్చుకుంటే ఏం చేయాలి?

నెల్లూరు వైపు పులుసులో చేప ముక్కలు వేశాక గరిట పెట్టరు. దాకను రెండు చేతులా పట్టుకుని మెల్లగా తిప్పుతారు. ముక్క చెదరకూడదన్నది వండేవారి పట్టుదల. తినేవారికి ఇందులో ఇంకో మేలుంది: ముక్క చెదిరితే ముళ్లు పులుసులో కలుస్తాయి, పులుసన్నంలో కలిసిన సన్న ముల్లు కంటికి కనిపించదు. మర్నాటి పులుసుకు రుచి ఎక్కువంటాం కానీ, ఆ అడుగు పులుసులోనే ముళ్లూ ఎక్కువ.

గుచ్చుకోగానే పెద్దవాళ్లు చెప్పే మందు ఒకటే: అన్నం ముద్ద నమలకుండా మింగమనడం. మా మేనత్త అలాగే మూడు ముద్దలు, వాటిపైన రెండు అరటిపండ్లు మింగింది. రాత్రంతా నొప్పి. పొద్దున వైద్యుడు నాలుక నొక్కి, లైటు వేసి చూస్తే ముల్లు టాన్సిల్‌లో నిలబడి ఉంది. పట్టకారుతో తీయడానికి అర నిమిషం పట్టలేదు. ముద్దలన్నీ దాని పక్క నుంచే జారిపోయాయన్నమాట. అది నయం, ముద్ద ఆ ముల్లును ఇంకా లోతుకు దింపి ఉంటే పని పెద్దదయ్యేది. నిమ్మరసం, వెనిగర్ కూడా దండగే. గొంతులో క్షణం నిలవని పులుపు ముల్లును ఏం కరిగిస్తుంది?

కాబట్టి ముందు తినడం ఆపండి. నోట్లో ఉన్నది ఉమ్మేసి, రెండు మూడుసార్లు గట్టిగా దగ్గండి. మనిషి మాట్లాడలేక, దగ్గలేక, ముఖం నల్లబడుతుంటే మాత్రం అది ముల్లు సంగతి కాదు. వాయునాళానికి ముద్ద అడ్డుపడింది. ముందుకు వంచి వీపు మీద, రెక్క ఎముకల మధ్య, మణికట్టు దగ్గరి అరచేతి గట్టి భాగంతో ఐదుసార్లు గట్టిగా కొట్టండి. ఫలితం లేకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకు పైన పిడికిలి పెట్టి ఐదుసార్లు లోపలికి, పైకి నొక్కండి. ఏడాది నిండని పసివాళ్లకు పొట్ట నొక్కకూడదు. ఈలోగా ఇంకొకరు 108కు ఫోను చేయాలి.

ఊపిరి బాగానే ఉంటే అద్దం ముందు నోరు తెరిచి, ఫోను లైటు వేసి, నాలుక చాచి చూసుకోండి. ముల్లు కొస స్పష్టంగా కనిపిస్తే శుభ్రమైన పట్టకారుతో ఒక్కసారి ప్రయత్నించవచ్చు. కనిపించకపోతే వేలు పెట్టి కెలకవద్దు. వాంతి చేసుకోవద్దు. పిల్లల విషయంలో ఈ ప్రయత్నమూ వద్దు.

నొప్పి ఎక్కడుందో గమనించడం ముఖ్యం. మెడ పైభాగంలో, ఒక పక్కనే, వేలితో చూపించగలిగేలా ఉంటే ముల్లు చాలావరకు టాన్సిల్‌లోనో నాలుక మొదట్లోనో ఉంటుంది. ఎక్కువ ముళ్లు ఆగేది అక్కడే. నొప్పి మెడ కింది భాగంలోనో రొమ్ము ఎముక వెనకో ఉంటే ముల్లు ఆహారవాహికలోకి దిగిందని అనుమానించాలి. వాయునాళం వెనక సుమారు 25 సెంటీమీటర్ల పొడవున్న కండరాల గొట్టమిది. మొదలయ్యే చోట, గుండె నుంచి వచ్చే బృహద్ధమని, ఎడమ శ్వాసనాళం దాన్ని ఒత్తే చోట, ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే ఉదర వితానాన్ని దాటే చోట ఇరుకుగా ఉంటుంది. ముల్లు పట్టేది ఆ ఇరుకుల్లోనే. పేగుకు ఉన్నట్టు దీనికి పైన గట్టి పొర లేదు. చిల్లు పడితే చీము నేరుగా ఛాతీలో వ్యాపిస్తుంది. అరుదుగా ముల్లు బృహద్ధమని దాకా వెళుతుంది కూడా.

ఉమ్మి మింగలేక కారుతున్నా, ఛాతీలో నొప్పి, జ్వరం, రక్తం, మెడ వాపు ఉన్నా తెల్లవారేదాకా ఆగకండి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చెవి, ముక్కు, గొంతు విభాగాలున్నాయి. బయల్దేరే ముందు ఏమీ తినకండి, తాగకండి. ఎండోస్కోపీ చేయాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండాలి. ఏ చేప తిన్నారో, ఎన్ని గంటలకో చెప్పండి. ఎక్స్‌రేలో సన్న ముల్లు కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు సీటీ స్కాన్ అడుగుతారు. ముల్లు పోయాక కూడా గీరుకున్న చోట ఒకటి రెండు రోజులు గుచ్చుతున్నట్టే ఉంటుంది. అది రోజురోజుకీ తగ్గాలి.

ముల్లు లేకుండానే మెతుకులు తరచూ ఛాతీలో ఆగిపోతుంటే దాన్ని చేప మీదకు నెట్టకండి. ఏళ్ల తరబడి ఆమ్లం ఎగదన్ని ఆహారవాహిక మచ్చకట్టి ఇరుకై ఉండవచ్చు. అకలేజియా అనే జబ్బులో ఆహారవాహిక కింది కవాటం సరిగా తెరుచుకోదు. మొదట ముద్ద, కొన్ని వారాలకు మెత్తని అన్నం, తర్వాత నీళ్లు కూడా దిగకపోతూ మనిషి చిక్కిపోతుంటే క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. పొగ, పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లు మరీ ఆలస్యం చేయకూడదు.

అంగిలిని కప్పే కట్టుడు పళ్లున్నవాళ్లకు ముల్లు నోటికి తెలియదు. వాళ్లకూ పిల్లలకూ బొచ్చె, శీలావతి పెడితే ముక్క విప్పి, వేళ్లతో తడిమి పెట్టాలి. కండలో చీలిన సన్న ముళ్లుంటాయి. కొరమీనులో ఆ బెడద లేదు, ధరే ఎక్కువ.