రెండు సిలిండర్లకు ఒకే ఇన్‌టేక్ పోర్టు: ఇంజెక్షన్ సమస్యలు - పరిష్కారాలు

పాత మినీ కార్లలోని ఎ-సిరీస్ ఇంజిన్‌లో నాలుగు సిలిండర్లకు ఇన్‌టేక్ పోర్టులు (గాలి, పెట్రోలు లోపలికి వెళ్లే దారులు) రెండే. 1, 2 ఒకదాన్ని, 3, 4 ఇంకోదాన్ని పంచుకుంటాయి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-3-4-2. కాబట్టి ప్రతి పోర్టులోంచి ముందు లోపలి సిలిండర్ (2 లేదా 3) పీలుస్తుంది, క్రాంక్‌షాఫ్ట్ 180 డిగ్రీలు తిరిగాక బయటిది (1 లేదా 4). మళ్లీ లోపలిదాని వంతు రావడానికి 540 డిగ్రీలు పడుతుంది. చిక్కంతా ఈ ఎడంలోనే ఉంది.

సమస్య: మీటర్ బాగానే ఉంది, ప్లగ్గులు బాగాలేవు

వైడ్‌బ్యాండ్ (ఎగ్జాస్ట్‌ను బట్టి గాలి-పెట్రోలు నిష్పత్తి చూపే మీటర్) 14.7 చూపిస్తుంది, అంటే పాళ్లు సరిగ్గా ఉన్నట్టే. ప్లగ్గులు విప్పితే 2, 3 మసిబారి ఉంటాయి (పెట్రోలు ఎక్కువ), 1, 4 తెల్లగా పాలిపోయి ఉంటాయి (పెట్రోలు తక్కువ).

కారణం: ఆ ఎడంలో చిమ్మిన పెట్రోలు పోర్టులో పోగై, ముందు తెరుచుకునే లోపలి వాల్వులోకే ఎక్కువగా పోతుంది. మీటర్ చూపేది నాలుగింటి సగటు.

పరిష్కారం: ముందు కొలత సరిచేయండి. ఈ హెడ్‌లో 2, 3 సిలిండర్ల ఎగ్జాస్ట్ మధ్య పోర్టులోంచే బయటికొస్తుంది. ఆ గొట్టంలో ఒక వైడ్‌బ్యాండ్, బయటి గొట్టంలో మరొకటి పెడితే తేడా నేరుగా కనిపిస్తుంది. అప్పటిదాకా ఫ్యూయల్ మ్యాప్ (ఎప్పుడు ఎంత పెట్రోలు చిమ్మాలో చెప్పే పట్టిక) ముట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. బయటివాటిని కాపాడాలని మొత్తంగా పెట్రోలు పెంచితే, లోపలి సిలిండర్ గోడల మీది ఆయిల్ కడుక్కుపోతుంది. తగ్గిస్తే లోడ్ మీద 1, 4 పిస్టన్లకు ముప్పు.

తర్వాత క్యామ్ సెన్సర్ (క్యామ్‌షాఫ్ట్ ఎక్కడుందో చెప్పేది) పెట్టి, పోర్టుకు ఒకటిగా ఉన్న ప్రతి ఇంజెక్టర్ 720 డిగ్రీల్లో రెండుసార్లు చిమ్మేలా చేయండి: ఒకటి లోపలిదానికి, ఒకటి బయటిదానికి.

సమస్య: ఇంజెక్షన్ యాంగిల్ (ఏ డిగ్రీ దగ్గర చిమ్మాలన్నది) ఎంత మార్చినా తేడా తగ్గదు

కారణం: చాలాసార్లు ఫేజ్ (720 డిగ్రీల్లోని రెండు చుట్లలో ఇది ఏ చుట్టు అన్న లెక్క) 360 డిగ్రీలు తప్పి ఉంటుంది. రెండు పల్స్‌లూ (చిమ్ములూ) వాల్వులు మూసి ఉన్న ఎడంలో పడుతున్నాయి.

పరిష్కారం: రెండు పోర్టుల వంతులకూ మధ్య దూరం సరిగ్గా 360 డిగ్రీలే. అందుకే ఇంజిన్ ఆపి, ఇంజెక్టర్ల కనెక్టర్లు రెండూ అటూ ఇటూ మార్చి చూడండి. తేడా తగ్గితే కనెక్టర్లు మళ్లీ యథాస్థానంలో పెట్టి, ఈసీయూలో (ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటర్‌లో) ఫేజ్ 360 డిగ్రీలు జరపండి.

సమస్య: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తేడా

పెట్రోలు పోర్టు గోడకు అంటుకుంటోంది. ఇంజెక్టర్‌ను హెడ్‌కు వీలైనంత దగ్గరగా, వాల్వుల వైపు గురిపెట్టి బిగించండి.

సమస్య: 2000 ఆర్‌పీఎమ్ దగ్గర బాగుంది, 6000 దగ్గర చెదిరిపోతోంది

కారణాలు రెండు. పెట్రోలు ఇంజెక్టర్ నుంచి వాల్వు చేరడానికి కొంత సమయం పడుతుంది. ఒక మిల్లీసెకను 2000 దగ్గర 12 డిగ్రీలు, 6000 దగ్గర 36 డిగ్రీలు. అందుకని యాంగిల్‌ను ఆర్‌పీఎమ్‌తో పాటు ముందుకు జరుపుతూ పోవాలి.

రెండోది, లోపలి వాల్వు మూసుకున్నాక బయటిది ఒక్కటే తెరిచి ఉండే వ్యవధి దాదాపు 180 డిగ్రీలు. 6000 దగ్గర అది 5 మిల్లీసెకన్లే, అందులోనే ఇంజెక్టర్ తెరుచుకునే సమయం కూడా పోతుంది. పల్స్ అందులో పట్టకపోతే పెద్ద ఇంజెక్టర్ కావాలి. మరీ పెద్దదైతే ఐడిల్‌లో చిన్న పల్స్‌లు నిలకడగా రావు. కొద్దిగానే చాలకపోతే ముందు ప్రెషర్ పెంచి చూడండి: 3 బార్ నుంచి 4 బార్‌కు వెళితే దాదాపు 15 శాతం ఎక్కువ పెట్రోలు పారుతుంది.