హార్డ్‌టాప్ ఊడి రావడం లేదా? ఎక్కడ పట్టి ఉందో ముందు కనిపెట్టండి

మిషిగన్‌లో ఏప్రిల్ వానలకు రోడ్ల మీది ఉప్పు కొట్టుకుపోయాక మా ఇంట్లో రెండు పనులు జరుగుతాయి. మంచు తోసే పార అటక ఎక్కుతుంది, పైకప్పు తెరుచుకునే మా రెండు సీట్ల కారు మాజ్డా మియాటా మీద చలికాలానికి బిగించిన హార్డ్‌టాప్, అంటే ఊడదీయగల గట్టి కప్పు, కిందికి దిగుతుంది. మొదటిది రెండు నిమిషాల పని. రెండోది కూడా పది నిమిషాల్లో అయిపోవలసిందే. కానీ ఈ కారున్న తెలుగువాళ్లు, ముఖ్యంగా పాత కారు కొని కొత్తగా హార్డ్‌టాప్ సంపాదించుకున్నవాళ్లు, ఆ పది నిమిషాల పనికి ఆదివారమంతా పోగొట్టుకోవడం చూశాను. కప్పు కదలకపోతే ఇంకాస్త గట్టిగా లాగడం అందరికీ వచ్చే మొదటి ఆలోచన. అదే అన్నిటికన్నా నష్టం చేసేది.

ఈ కారు 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి కనిపించింది. పైకి లేచే హెడ్‌లైట్ల మొదటి తరం 1997 వరకు, మామూలు హెడ్‌లైట్ల రెండో తరం 2005 వరకు వచ్చాయి. ఈ రెండు తరాల్లో ఒకదాని హార్డ్‌టాప్ రెండోదానికీ సరిపోతుంది. కంపెనీ చేసిన కప్పు బరువు సుమారు 20 కిలోలు, అంటే చిన్న బియ్యం బస్తా అంత. ముందు అద్దం చట్రం పైన రెండు గొళ్లేలు, తలుపుల వెనక పక్కకొకటి, వెనక డెక్ మీద రెండు చోట్ల పట్టు. వీటికి తోడు, చుట్టూ ఒత్తుకుని ఉండే రబ్బరు సీలు, వెనక అద్దానికి కరెంటు ఇచ్చే తీగ. కప్పు రావడం లేదంటే వీటిలో ఏదో ఒకటి ఇంకా వదలలేదన్నమాట. అది ఏదో కనిపెడితే బలం అవసరమే ఉండదు.

ముందు గొళ్లెం మీట కదలడం లేదు

ఎక్కువమందికి ఎదురయ్యే ఇబ్బంది ఇదే. రెండు చేతులతో మీటను లాగుతారు, వేళ్లు నొప్పెడతాయి, ప్లాస్టిక్ విరుగుతుందేమోనని భయం వేస్తుంది. ఆ భయం సరైనదే, అక్కడే ఆగిపోవాలి.

మీట మొరాయించడానికి చాలాసార్లు తుప్పు కారణం కాదు, బిగువు కారణం. శీతాకాలంలో కప్పు కిటకిటలాడితే ఆ చప్పుడు పోవడానికి గొళ్లెం కొక్కేన్ని ఇంకో రెండు చుట్లు బిగిస్తారు. చప్పుడు తగ్గుతుంది, కానీ రబ్బరు నలిగిపోయి ఆ ఒత్తిడంతా కొక్కెం మీద పడుతుంది. నవంబరులో బిగించిన ఆ రెండు చుట్లే ఏప్రిల్‌లో మన వేళ్లను పరీక్షిస్తాయి.

ఇంకొకరిని బయట నిలబెట్టండి. గొళ్లెం ఉన్నచోట కప్పు ముందు అంచును అరచేత్తో కిందికి నొక్కమనండి. రబ్బరు ఇంకొంచెం అణిగితే కొక్కెం మీద భారం పోతుంది. అదే క్షణంలో మీరు లోపల భద్రతా మీట నొక్కి గొళ్లెం తీయండి. ఇంతసేపూ కదలనిది ఒక్క వేలితో వచ్చేస్తుంది. మా పక్కింటి పెద్దాయనకు ఇది చూపించినప్పుడు ఆయన చేసిన మొదటి పని, గొళ్లెం మళ్లీ పెట్టి మళ్లీ తీసి చూడడం. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి: ఒక గొళ్లెం పూర్తిగా తీసి, రెండోది బిగువుగా వదిలేయకండి. చట్రం ఒక మూల మెలిపడి రెండోది ఇంకా మొండికేస్తుంది. ముందు ఇటు, వెంటనే అటు.

ఇది ఈ రోజు గండం గడవడానికి. అసలు మరమ్మతు కప్పు కిందికి దిగాక చేయాలి. కొక్కేనికి మర ఉంటుంది, దాన్ని తిప్పితే పొడవు మారుతుంది. అర చుట్టు చొప్పున వదులు చేయండి, రెండు పక్కలా సమానంగా. గొళ్లెం వేసేటప్పుడు చేతికి బరువు తెలియాలి, కానీ భుజం బలం అక్కర్లేదు, అదే సరైన బిగువు. కీలు తిరిగే చోట్ల పాత జిడ్డు గుడ్డతో తుడిచి, కొద్దిగా తెల్ల గ్రీజు రాయండి. డబ్ల్యూడీ-40 స్ప్రే కొడితే ఆ పూటకు జారుతుంది, నాలుగు రోజుల్లో ఆరిపోయి మీద దుమ్ము చేరుతుంది. తుప్పు వదిలించడానికి అది పనికొస్తుంది గానీ గ్రీజు చేసే పని చేయదు.

మరి కిటకిట చప్పుడు మాటేమిటి? దానికి మందు గొళ్లెంలో లేదు, రబ్బరులో ఉంది.

గొళ్లేలన్నీ తీశాం, అయినా కప్పు అంటుకుపోయినట్టుంది

నిజంగానే అంటుకుపోయింది. ఐదు నెలలు రంగు మీద, అద్దం మీద ఒత్తుకుని కూర్చున్న రబ్బరు, మధ్యలో ఎండ తగిలినప్పుడు కాస్త మెత్తబడి, చలికి మళ్లీ బిగుసుకుని, జిగురు పెట్టినట్టు పట్టేస్తుంది. అసలే పాత రబ్బరు. ఇప్పుడు లాగితే సీలు చినుగుతుంది. ముప్పై ఏళ్లు దాటిన కారుకు ఆ ఆకారంలో సీలు దొరకడం, దొరికినా దాని ధర భరించడం రెండూ కష్టమే.

కారును ఒక గంట ఎండలో పెట్టండి. ఎండ లేకపోతే గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డను అంచుల వెంట కాసేపు పరవండి. మరిగే నీళ్లు వద్దు. రెండు కిటికీల అద్దాలూ పూర్తిగా దించండి. ఇది చాలామంది మరిచిపోయే విషయం. అద్దం పై అంచు కప్పు రబ్బరులోకి దూరి ఉంటుంది, అది దిగకుండా కప్పు లేపితే రబ్బరు పెదవి వెనక్కి మడతపడి తెగుతుంది. తర్వాత ఒక మూల నుంచి మొదలుపెట్టి, వేళ్లతో నెమ్మదిగా, అరటి తొక్క తీసినట్టు విడదీసుకుంటూ వెళ్లండి. మరీ పట్టిన చోట పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్నని దారం రెండు చేతులా పట్టుకుని రబ్బరుకూ లోహానికీ మధ్య రంపంలా ఆడించండి. స్క్రూడ్రైవర్ జోలికి పోవద్దు.

కప్పు దిగిన రోజే రబ్బరుకు సేవ చేయాలి. సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, సిలికాన్ గ్రీజు గుడ్డకు రాసుకుని పలుచగా పట్టించండి. పలుచగా అంటే వేలు పెడితే నునుపు తెలియాలి, జిడ్డు అంటకూడదు. పెట్రోలియం జెల్లీ, ఇంజిన్ ఆయిల్ వంటివి అసలు వద్దు. ఈ సీళ్లకు వాడే రబ్బరు పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి, మెత్తబడి, ఆకారం కోల్పోతుంది. శరదృతువులో కప్పు ఎక్కించే ముందు ఇంకోసారి సిలికాన్ పూయండి. ఇలా రెండు ఋతువులు చేస్తే అంటుకోవడం పోతుంది, వాన నీరు లోపలికి రాదు, ఆ కిటకిట కూడా చాలావరకు ఆగుతుంది. ఎండిన రబ్బరు లోహం మీద రాసుకోవడమే ఆ చప్పుడు.

ఒక పక్క గొళ్లెం వస్తుంది, రెండో పక్కది రాదు

ముందు కారు దిగి చక్రాలు చూడండి. ఒక చక్రం కాలిబాట అంచు మీద ఉందా? వాకిలి వాలుగా ఉందా? కారు ఒక మూల జాకీ మీద ఉందా? పైకప్పు లేకుండా తయారైన కారు దేహం, మూసిన కారు దేహమంత గట్టిగా ఉండదు, నేల వంకరగా ఉంటే అదీ కొద్దిగా మెలిపడుతుంది. ఆ కొద్దిపాటి మెలికే ఒక పక్క కొక్కేన్ని బిగించి, మరో పక్కదాన్ని వదులు చేస్తుంది. చదునైన నేల మీదికి తెచ్చి, నాలుగడుగులు ముందుకూ వెనక్కూ కదిపి ఆపండి. సగం కేసులు ఇక్కడే తీరిపోతాయి.

చదునైన నేల మీద కూడా అదే పక్క మొరాయిస్తే, కారు దేహానికి బిగించిన పట్టు పలక తన చోటు నుంచి జరిగి ఉంటుంది. వేరే కారు నుంచి వచ్చిన కప్పుతో ఇది ఎక్కువ. పలక బోల్టులను ఊడిపోకుండా, కదిలేంత మాత్రం వదులు చేసి, కప్పును ముందు గొళ్లేలతో సరిగ్గా కూర్చోబెట్టి, పక్క గొళ్లెం వేయండి. పలక తనంతట తాను సరైన చోటికి వస్తుంది. అప్పుడు బోల్టులు బిగించండి.

ముందు భాగం లేచింది, వెనక భాగం లేవడం లేదు

వెనక పట్టు రెండు చోట్లా వదిలిందో లేదో చేత్తో తడిమి చూడాలి, కంటికి సరిగా కనిపించదు. అదీ వదిలిందంటే, కింద మడిచి పెట్టిన సాఫ్ట్ టాప్ (కారుతో వచ్చే గుడ్డ కప్పు) వైపు చూడండి. మడత పూర్తిగా అణగకపోతే దాని ఇనుప కమ్ములు కప్పు లోపలి అంచును పట్టుకుంటాయి. మొదటి తరం కార్లలో వెనక కిటికీ ప్లాస్టిక్‌ది. దాని జిప్పు తీసి చదునుగా పరిచాకే టాప్ మడవాలి. అలా మడవకపోతే మడత ఎత్తుగా లేస్తుంది, ప్లాస్టిక్ కూడా పగులుతుంది. రెండో తరంలో అద్దమే కాబట్టి ఆ బాధ లేదు.

తీగ

దీన్ని విడిగా చెబుతున్నాను, ఎందుకంటే ఇది నాకు జరిగింది. నలుగురం కలిసి ఉత్సాహంగా కప్పు లేపాం. వెనక అద్దం మీది మంచు కరిగించే తీగ కనెక్టరు ఊడదీయడం ఎవరికీ గుర్తు లేదు. కనెక్టరు గట్టిది, తీగ సన్నది. తీగే తెగింది. చీకట్లో సీట్ల వెనక టార్చి పట్టుకుని రెండు గంటలు అతుకు వేశాను. ఇప్పుడు ఆ కనెక్టరుకు ఎర్ర రిబ్బను కట్టి ఉంది. కప్పు ఎక్కించే రోజు ఆ రిబ్బను ముందు గొళ్లెం మీటకు చుట్టి పెడతాను. రిబ్బను విప్పకుండా గొళ్లెం తీయలేను కాబట్టి తీగ మరవడం అనే మాటే లేదు. మీరూ మొదట తీగ, తర్వాతే గొళ్లేలు.

అన్నీ వదిలాయి, ఒక్కరే లేపలేకపోతున్నారు

20 కిలోలు ఎత్తడం కష్టం కాదు. ఆ 20 కిలోలు బల్లంత వెడల్పుగా ఉండడం, బరువంతా అద్దం ఉన్న వెనక వైపు ఉండడం కష్టం. మధ్యలో పట్టుకున్నాననుకుంటే వెనక భాగం కిందికి వాలి డెక్ మీద గీత పెడుతుంది. ఇద్దరుంటే చెరో తలుపు దగ్గర నిలబడి, ఒక చెయ్యి ముందు అంచు కింద, ఇంకో చెయ్యి వెనక మూల కింద పెట్టి, నిలువుగా లేపండి, వెనక్కి ఈడ్వకండి. చేతి గడియారాలు, ఉంగరాలు, నడుము బెల్టు బిళ్లలు తీసేయండి. వెనక మూలల దగ్గర రంగు మీద మాస్కింగ్ టేపు రెండు పొరలు అంటించండి.

ఏటా మనిషి కోసం వెతుక్కోవడం ఇష్టం లేకపోతే గ్యారేజీ పైకప్పుకు గిలకలు పెట్టుకోండి. నూతి గిలకతో నీళ్లు తోడినవాళ్లకు ఇది కొత్తగా నేర్పవలసిన పని కాదు. ఒక్క స్థిరమైన గిలక బరువు తగ్గించదు, లాగే దిశ మాత్రం మారుస్తుంది. దానికి తోడు కదిలే గిలక ఒకటి చేరిస్తే 20 కిలోలు చేతికి 10 కిలోలుగా తెలుస్తాయి, రాపిడికి ఇంకొంచెం కలపండి. బదులుగా తాడు రెట్టింపు లాగాలి: కప్పు అర మీటరు లేవాలంటే తాడు ఒక మీటరు.

గిలక వేలాడే కొక్కేన్ని గ్యారేజీ పైకప్పు చెక్క దూలం నడిబొడ్డున బిగించాలి. దూలాల మధ్య ఉండే జిప్సం పలకకు బిగిస్తే ఊడి కారు మీద పడుతుంది. ఒక బలమైన చెక్కను రెండు దూలాలకు అడ్డంగా బిగించి, దానికి కొక్కెం పెడితే ఇంకా మేలు. నవారులాంటి వెడల్పాటి నైలాన్ పట్టీలు రెండు తీసుకుని ఒకటి ముందు అంచు కింద, ఒకటి వెనక కింది అంచు దగ్గర వేయండి. అవి జారి దగ్గరికి రాకుండా రెండు పక్కలా అడ్డపట్టీలతో కలిపి కట్టండి. మొదట రెండు మూడు సెంటీమీటర్లే లేపి ఆగండి. ఏ వైపు వాలిందో చూసి, ఆ వైపు పట్టీ పొట్టి చేయండి. సమంగా లేచేదాకా ఓపిక పట్టండి, ఒకసారి కుదిరితే పట్టీల మీద గుర్తు పెట్టుకుంటే చాలు.

కారును గ్యారేజీలోకి వెనక్కి నడిపి పెట్టడం మంచిది. అప్పుడు బయటికి వెళ్లేటప్పుడు కారు ముందుకు కదులుతుంది, కప్పు కింది అంచు కింద నుంచి డిక్కీ మాత్రమే వెళుతుంది కాబట్టి కొద్దిగా లేపితే చాలు. కారు ముందుకు తిరిగి లోపలికి వచ్చి ఉంటే, వెనక్కి తీసేటప్పుడు ముందు అద్దం చట్రం ఆ అంచు కింద నుంచి వెళ్లాలి. ఈ కారు ఎత్తు 1.2 మీటర్ల పైచిలుకు, అద్దం చట్రానికి తగలకుండా ఉండాలంటే చాలా పైకి లేపాలి. గ్యారేజీ పైకప్పు తక్కువగా ఉన్నవాళ్లకు ఈ తేడాయే ముఖ్యం.

పైకి లేపాక తాడు ముడిని ఒక్కదాన్నే నమ్మకండి. దూలానికి కట్టిన రెండు గొలుసులకు పట్టీలను తగిలించి, బరువు వాటి మీద పడేలా తాడు కొద్దిగా వదలండి. కప్పు గాలిలో ఉన్నంతసేపూ పిల్లలను గ్యారేజీలోకి రానివ్వవద్దు. మీరూ దాని కింద నిలబడి పని చేయవద్దు.

కప్పు లేని ఆ మొదటి గంటలోనే ఇంకో పని ఉంది. సీట్ల వెనక రెండు మూలల్లో సాఫ్ట్ టాప్ నీళ్లు పోయే రంధ్రాలు ఉంటాయి. శీతాకాలమంతా ఆకులు, ధూళి అక్కడ చేరతాయి. అవి మూసుకుపోతే వాన నీరు తలుపు కింది గుమ్మాల్లోకి చేరి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. ఒక గ్లాసు నీళ్లు నెమ్మదిగా పోయండి. వెనక చక్రాలకు కాస్త ముందు, కారు కింద నీరు కారాలి. కారకపోతే మెత్తటి ప్లాస్టిక్ గొట్టం లోపలికి పంపి నెమ్మదిగా శుభ్రం చేయండి. సాఫ్ట్ టాప్‌ను కూడా ఆ రోజే విప్పి ఎండలో ఆరబెట్టండి, ఐదు నెలలు మడతలో ఉన్న గుడ్డకు గాలి తగలాలి.