మొదటి పుల్ రిక్వెస్ట్ ఎక్కడ ఆగిపోయింది?

నమ్‌పై, సైపై, సింపై, ఆస్ట్రోపై... ఎవరైనా కోడ్ చూసి మార్పులు పంపగలిగే ఈ సైంటిఫిక్ పైథాన్ లైబ్రరీల్ని ల్యాబ్‌లోనో ప్రాజెక్టులోనో వాడుతూ ఉండగా ఒకరోజు "ఇందులో నేనూ ఓ చెయ్యి వేస్తే?" అనిపిస్తుంది. మన మార్పుని అసలు కోడ్‌లో కలపమని అడిగే పుల్ రిక్వెస్ట్ పంపాలని, ఉత్సాహంగా రిపోని (ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) ఫోర్క్ చేస్తాం, అంటే మన సొంత కాపీ తీసుకుంటాం. ఆ తర్వాత రెండు రోజులు తెర మీద ఎర్రటి అక్షరాలు తప్ప ఏమీ ఉండవు. "ఇది నా వల్ల అయ్యే పని కాదు" అని అక్కడే వదిలేసిన వాళ్లను చాలామందిని చూశాను. ఎక్కువసార్లు వాళ్లను ఆపింది ప్రోగ్రామింగ్ రాకపోవడం కాదు, ఎవరూ చెప్పని ఓ చిన్న సెట్టింగ్. అలాంటివి కొన్ని, వాటికన్నా లోతైనవి రెండు ఇక్కడ రాస్తున్నాను. మీరు చిక్కుకున్న చోటు నుంచే చదవండి.

"గుడ్ ఫస్ట్ ఇష్యూ"లన్నీ ఎవరో ఒకరు తీసేసుకున్నారు

ఇష్యూ అంటే ప్రాజెక్టు పేజీలో నమోదైన సమస్య. కొత్తవాళ్లకు తేలికైనవాటికి పెట్టే ఆ లేబుల్ కోసం అందరూ కాచుకుని ఉంటారు. దాన్ని వదిలేయండి. మీరు రోజూ వాడే మాడ్యూల్ ఒకటి ఎంచుకుని, దాని మీద ఉన్న పాత బగ్ రిపోర్టులు తెరవండి. అందులో ఇచ్చిన కోడ్‌ని ఇప్పటి వెర్షన్‌లో నడిపి, బగ్ ఇంకా ఉందో లేదో, ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏం వచ్చిందో రాయండి. ప్రాజెక్టుని చూసుకునే మెయింటెయినర్లకు అది నిజమైన సాయం. ఇలా పది రిపోర్టులు చూసేసరికి మీరు సరిచేయగలిగింది ఒకటైనా కంటపడుతుంది.

సోర్స్ బిల్డ్ కావడం లేదు

నమ్‌పై, సైపై పేరుకి పైథాన్ లైబ్రరీలే గానీ లోపల సీ, సీ ప్లస్ ప్లస్ కోడ్ చాలా ఉంటుంది. కాబట్టి కంపైలర్లు కావాలి, లీనియర్ ఆల్జీబ్రా కోసం బ్లాస్ లైబ్రరీ కావాలి. ఒక్కోటీ విడిగా దింపుకుంటూ కూర్చోకుండా, రిపోలో ఎన్విరాన్‌మెంట్ ఫైల్ ఇచ్చి ఉంటే దాంతోనే కాండా ఎన్విరాన్‌మెంట్ (కావలసినవన్నీ విడిగా ఒకచోట ఉండే ఏర్పాటు) తయారుచేసుకోండి. సైపైలో ఇంకో చిక్కుంది: కొన్ని ఫోల్డర్లు సబ్‌మాడ్యూల్స్, అంటే వేరే రిపోల నుంచి వచ్చేవి. మామూలుగా క్లోన్ చేస్తే అవి ఖాళీగా వస్తాయి, బిల్డ్ "ఫైల్ దొరకలేదు" అంటుంది. గిట్ సబ్‌మాడ్యూల్స్‌ని అప్‌డేట్ చేస్తే సరిపోతుంది.

ఎర్రర్ చదివేటప్పుడు చివరి లైన్ చూడకండి. అక్కడ "బిల్డ్ ఫెయిలైంది" అని మాత్రమే ఉంటుంది. పైకి స్క్రోల్ చేసి "ఎర్రర్" అన్న మాట మొదటిసారి ఎక్కడ వచ్చిందో చూడండి, అసలు కారణం అక్కడుంటుంది. ఈ గొడవేమీ లేకుండా మొదలుపెట్టాలంటే సింపై మంచిది. అది పూర్తిగా పైథాన్‌లోనే రాసింది, తప్పనిసరిగా కావలసింది ఎక్కువ అంకెల దాకా లెక్కలు కట్టే ఎమ్‌పీమ్యాథ్ లైబ్రరీ ఒక్కటే.

కోడ్ మార్చాను, కానీ ఫలితం మారడం లేదు

మీరు మార్చింది ఒక కాపీని, పైథాన్ నడుపుతున్నది ఇంకో కాపీని. ఎప్పుడో పిప్‌తో ఇన్‌స్టాల్ చేసిన వెర్షన్ ఇంకా అక్కడే ఉంది. మాడ్యూల్ ఏ ఫైల్ నుంచి లోడ్ అయిందో ప్రింట్ చేసి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. ఈ పని కోసం వేరే ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుని, అందులో ఎడిటబుల్ ఇన్‌స్టాల్ చేయండి, అప్పుడు పైథాన్ మీరు మార్చే కాపీనే నడుపుతుంది. మీరు మార్చింది సీ ఫైల్ అయితే మళ్లీ బిల్డ్ కావాలి. నమ్‌పై, సైపైలకు స్పిన్ అనే కమాండ్ ఉంది, టెస్టులు దాంతో నడిపితే బిల్డ్ కూడా అదే చూసుకుంటుంది.

వెర్షన్ 0.1 అని చూపిస్తోంది

ఆస్ట్రోపై, మ్యాట్‌ప్లాట్‌లిబ్ లాంటివి వెర్షన్ నంబర్‌ని గిట్ ట్యాగుల (ఒక్కో వెర్షన్‌కి పెట్టిన గుర్తుల) నుంచి లెక్కకడతాయి. మీ ఫోర్క్‌లో ట్యాగులు లేకపోతే లెక్క తప్పుతుంది. అసలు రిపోని అప్‌స్ట్రీమ్‌గా కలిపి, అక్కడి నుంచి ట్యాగులు తెచ్చుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.

మూడు లైన్లు మార్చాను, డిఫ్‌లో (మారిన లైన్ల జాబితాలో) నాలుగు వందలు కనిపిస్తున్నాయి

సేవ్ చేయగానే మీ ఎడిటర్ ఫైల్ మొత్తాన్ని తనకు నచ్చినట్టు సర్దేసింది, లేదా విండోస్ లైన్ ఎండింగ్స్ చొరబడ్డాయి. ఆటో ఫార్మాట్ ఆపేసి, ఫైల్‌ని పాత స్థితికి తెచ్చి, ఆ మూడు లైన్లే మళ్లీ మార్చండి. ప్రాజెక్టు వాళ్లు ప్రీ-కమిట్ సెట్టింగ్స్ (కమిట్‌కి ముందే ఫైళ్లని తనిఖీ చేసేవి) ఇచ్చి ఉంటే ముందే పెట్టుకోండి.

నా ల్యాప్‌టాప్‌లో టెస్ట్ పాస్, సీఐలో ఫెయిల్

సీఐ అంటే మీరు పంపిన కోడ్‌ని వేరే మెషీన్లలో దానంతట అదే పరీక్షించే ఏర్పాటు. అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. ముందుగా మెయిన్ బ్రాంచ్‌లో కూడా అదే టెస్ట్ ఫెయిలవుతోందేమో చూడండి. అక్కడా ఫెయిలవుతుంటే అది మీ తప్పు కాదు, ఆ మాట పుల్ రిక్వెస్ట్‌లో రాసి ముందుకెళ్లండి.

మీ టెస్టే అయితే చాలాసార్లు కారణం డెసిమల్ సంఖ్యల్ని "సరిగ్గా సమానం" అని పోల్చడం. 0.1, 0.2, 0.3 తీసుకోండి. ముందు మొదటి రెండూ కూడి, దానికి మూడోది కలిపితే పైథాన్ 0.6000000000000001 అంటుంది. చివరి రెండూ ముందు కూడితే 0.6 అంటుంది. కాగితం మీద రెండూ ఒకటే, కంప్యూటర్ డెసిమల్ సంఖ్యల్ని దాచుకునే 64 బిట్ల ఫ్లోట్‌లో కాదు. వేరే ప్రాసెసర్, వేరే బ్లాస్ ఉన్న మెషీన్‌లో కూడే వరుస మారితే చివరి అంకె మారిపోతుంది.

అందుకే నమ్‌పైలో విలువలు దగ్గరగా ఉంటే చాలనే అసర్ట్-ఆల్‌క్లోజ్ ఉంది. ఏమీ చెప్పకపోతే అది కోటిలో ఒక వంతు తేడాని ఒప్పుకుంటుంది. కానీ రావలసిన విలువ సున్నా అయితే? సున్నాలో కోటో వంతు సున్నాయే, కాబట్టి ఖచ్చితంగా సున్నాయే రావాలంటుంది. అలాంటి చోట ఎంత తేడా ఫర్వాలేదో విడిగా ఇవ్వాలి. ఒక్క మాట గట్టిగా చెప్తాను: టెస్ట్ పాసయ్యేదాకా టాలరెన్స్ (ఒప్పుకునే తేడా) పెంచుకుంటూ పోవద్దు. వెయ్యిలో ఒక వంతు తేడా వస్తోందంటే అది చివరి అంకె సమస్య కాదు, బగ్.

విండోస్‌లో మాత్రమే ఫెయిలైతే పూర్ణాంకాల వైపు చూడండి. 2024లో నమ్‌పై 2.0 వచ్చేదాకా విండోస్‌లో మామూలు పూర్ణాంకం 32 బిట్లే, అంటే 2,147,483,647 దాటితే పట్టదు. 50,000ని 50,000తో గుణిస్తేనే అది దాటిపోతుంది. పాత నమ్‌పైకి కూడా పనిచేయాల్సిన కోడ్‌లో 64 బిట్ల టైప్‌ని స్పష్టంగా రాయాలి.

"ఈ విలువ ఎక్కడి నుంచి వచ్చింది?" అని రివ్యూయర్ అడిగారు

నన్నూ అడిగారు. ఫంక్షన్ రాసి, నడిపి, వచ్చిన సంఖ్యనే కాపీ చేసి టెస్ట్‌లో "రావలసిన విలువ"గా పెట్టాను. టెస్ట్ పాసైంది, కానీ దాంతో ఏమీ రుజువు కాలేదు. కోడ్ తప్పైతే ఆ టెస్ట్ అదే తప్పుని ఒప్పంటుంది. వెబ్‌సైట్‌లో బటన్ పనిచేయకపోతే ఎవరో ఒకరు చూసి చెప్తారు. సైంటిఫిక్ కోడ్‌లో తప్పు సంఖ్య కూడా చూడ్డానికి ఒప్పు సంఖ్యలాగే ఉంటుంది, అలాగే ఎవరి థీసిస్‌లోకో వెళ్లిపోతుంది.

ఒక ఉదాహరణ చూడండి. x విలువ 10⁻¹⁵ అనుకుని, 1+xకి లాగ్ తీయండి. జవాబు దాదాపు 10⁻¹⁵ రావాలి. మామూలు లాగ్ ఫంక్షన్ ఇచ్చేది 1.11 × 10⁻¹⁵. అంటే 11 శాతం తప్పు, ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. ఒకటికి అంత చిన్న సంఖ్యని కలిపేటప్పుడే దాని అంకెలు పోయాయి. xని ఒకటికి కలపకుండా నేరుగా తీసుకునే లాగ్‌వన్‌పీ అనే ఫంక్షన్ ఉన్నది ఇందుకే.

కాబట్టి విలువ మీ కోడ్‌కి బయట నుంచి రావాలి. సూత్రంతో చేత్తో తేల్చగలిగిన ప్రత్యేక సందర్భం ఉంటే అన్నిటికన్నా మంచిది. లేకపోతే ఎమ్‌పీమ్యాథ్‌లో 50 అంకెల దాకా లెక్క కట్టండి. అదీ కుదరకపోతే తప్పక నిజం కావలసిన ఒక సంబంధాన్ని పరీక్షించండి: మ్యాట్రిక్స్‌ని దాని ఇన్వర్స్‌తో గుణిస్తే ఐడెంటిటీ రావాలి కదా. ఎలా తెచ్చారో టెస్ట్ పైన కామెంట్‌లో రెండు లైన్లు రాయండి. కోడ్ ఏఐ టూల్‌తో రాసినా ఈ ప్రశ్నకు జవాబు మీరే చెప్పాలి. చెప్పలేకపోతే అప్పుడే పంపొద్దు.

పంపి వారాలైంది, ఎవరూ పలకడం లేదు

రివ్యూ చేసేవాళ్లలో చాలామంది వాలంటీర్లు, సొంత ఉద్యోగం, రీసెర్చ్ అయ్యాక చూస్తారు. రెండు మూడు వారాలు ఆగి, మర్యాదగా ఒకసారి గుర్తుచేయండి. ఈలోగా వేరేవాళ్ల మార్పులతో కాన్‌ఫ్లిక్ట్స్ వస్తే సరిచేసి ఉంచండి. ఒకే పుల్ రిక్వెస్ట్‌లో బగ్ ఫిక్స్, పేర్ల మార్పు, డాక్యుమెంటేషన్ అన్నీ కలిపేసి ఉంటే విడగొట్టండి, ఇరవై లైన్ల మార్పు చదవడానికి ఎవరికైనా తీరిక దొరుకుతుంది.

మెర్జ్ కాకుండా మూసేస్తే కారణం అడగండి. ఆ పద్ధతి వద్దనుకున్నా బగ్ ఇంకా ఉండే ఉంటుంది. దాన్ని చూపించే చిన్న కోడ్, మీరు తేల్చిన సరైన విలువ ఇష్యూలో పెట్టి వెళ్లండి, తర్వాత వచ్చేవాళ్లు అక్కడి నుంచి మొదలుపెడతారు.