ఉరుముల మేఘాలు, విమానాలు – 3వ పాఠం: రెండు అంకెల మధ్య తేడా

పోయిన పాఠంలో మెటార్ నివేదికలో, అంటే విమానాశ్రయం నుంచి వచ్చే వాతావరణ నివేదికలో, గాలి, మేఘాల భాగాలు చదివాం. ఈసారి అందులో 41/13 లాంటి చిన్న ముక్క ఒక్కటే. మొదటి అంకె ఉష్ణోగ్రత. రెండోది డ్యూ పాయింట్, అంటే గాలి ఎన్ని డిగ్రీలకు చల్లబడితే అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలవుతుందో అది.

ఉదాహరణకు అమెరికాలోని అరిజోనా తీసుకుందాం. అక్కడా మాన్‌సూన్ ఉందంటే చాలామంది నమ్మరు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 30 వరకు అక్కడి వాతావరణ శాఖ లెక్కలో అదే కాలం. పడమటి గాలి తగ్గి, దక్షిణం నుంచి తేమ వస్తుంది. మధ్యాహ్నం కొండల మీద మేఘాలు లేస్తాయి. సాయంత్రానికి వాటి నుంచి దిగిన గాలి ఫీనిక్స్ నగరం ఉన్న లోయలో దుమ్ము లేపుతుంది. 2011 జూలై 5న అలా లేచిన దుమ్ము గోడ ఊరంతా కమ్మేసి, విమానాలను ఆపేసింది.

ఇప్పుడు లెక్క. రెండు అంకెల తేడాను 400తో హెచ్చించండి. నేల నుంచి మేఘం అడుగు ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో సుమారుగా తెలుస్తుంది. ఫీనిక్స్‌లో 41/13 ఉందనుకోండి. 41లోంచి 13 తీస్తే 28. అంటే 11,200 అడుగులు. నేల వేడికి లేచే మేఘాలకే ఈ లెక్క పనికొస్తుంది, ముసురు మేఘాలకు వాడొద్దు.

శంషాబాద్‌లో జూలైలో 30/23 ఉందనుకోండి. తేడా 7, మేఘం 2,800 అడుగుల్లోనే ఉంది. వాన నేరుగా నేలకు చేరుతుంది. ఫీనిక్స్‌లో మాత్రం చినుకు 11,000 అడుగుల పొడిగాలిలో పడుతూ దారిలోనే ఆవిరైపోతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే లాక్కుంటుంది. చల్లబడి బరువెక్కిన ఆ గాలి వేగంగా కిందికి దూకి, నేలను తాకి నలువైపులా చిమ్ముతుంది. దీన్నే డ్రై మైక్రోబర్స్ట్ అంటారు.

ఇక్కడ బాగా ఆగి ఆలోచించండి. రన్‌వే మీద చినుకు లేదు, కాబట్టి భయం లేదనుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. దిగుతున్న విమానానికి ముందు ఎదురుగాలి తగిలి స్పీడ్ పెరుగుతుంది. పైలట్ పవర్ తగ్గిస్తాడు. వెంటనే పైనుంచి గాలి కిందికి నొక్కుతుంది, ఆ తర్వాత వెనకగాలి వచ్చి ఉన్న స్పీడ్ కూడా లాగేస్తుంది. అప్పటికి నేల దగ్గరపడి ఉంటుంది. తుపాను గాలులు గంటల తరబడి వీస్తాయి, ఇది మాత్రం కొద్ది నిమిషాల్లో ముగిసిపోతుంది. అందుకే మేఘం కింద వేలాడుతూ నేలకు అందని వాన తెర కనిపిస్తే, దాని కిందికి పోకూడదు.

అభ్యాసం: 43/9, 29/24, 38/18. మూడింటికీ మేఘం ఎత్తు కట్టి, ఎక్కడ వాన నేలకు చేరుతుందో, ఎక్కడ గాలి ముందు దిగుతుందో రాసుకోండి. మూడోదాని మీద ఎక్కువసేపు పెట్టండి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలుల వానలు ఇలాంటి తేడాలతోనే వస్తాయి. జవాబులు వచ్చే పాఠంలో, రాడార్ బొమ్మతో కలిపి చూద్దాం.