రోజ్‌మేరీని చంపేది ఎండ కాదు, ముసురు

విజయవాడలో రోజ్‌మేరీ అనే సువాసన ఆకుల మొక్క బతకదని ఇక్కడి మిద్దె తోటల వాళ్ళు చాలామంది తేల్చేశారు. ఎందుకని అడిగితే ఎండ అంటారు. నేను ఒప్పుకోను. మా డాబా మీద రోహిణి కార్తె ఎండని షేడ్‌నెట్ కింద దాటేసిన మొక్కలే, జులైలో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే నిలువునా ఎండిపోతాయి. వాన కురుస్తుంటే ఆకు ఎండడమేమిటని తికమకపడి, ముసురు తగ్గగానే ఇంకో చెంబు నీళ్ళు పోసేవాళ్ళు ఉన్నారు. అది ఎండింది నీళ్ళు లేక కాదు, నీళ్ళు తాగే వేరు కుళ్ళిపోయి.

దీని పుట్టిల్లు మధ్యధరా సముద్ర తీరం. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, వేసవి పొడిగా పోతుంది. మనకి సరిగ్గా తలకిందులు. రాత్రిళ్ళు కూడా ఉక్కగా ఉండే రోజుల్లోనే మనకి వాన. వెచ్చటి మట్టిలో వేరుకి గాలి ఎక్కువ కావాలి, అదే సమయంలో నీళ్ళు నిండి గాలి అందకుండా పోతుంది. ఫైటాఫ్తొరా లాంటి వేరుకుళ్ళు తెచ్చే సూక్ష్మజీవులకి అంతకంటే మంచి అదను ఉండదు. కాబట్టి ఈ మొక్కకి మన ఊళ్ళో ఏడాది అక్టోబరు చివర్లో మొదలై మే నెలాఖరుకి అయిపోతుందనుకోండి. మిగతా నాలుగైదు నెలలు దాన్ని పెంచక్కర్లేదు, కాపాడితే చాలు. నేను చేసే పనులన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

పుదీనా, తులసి, వాము ఆకు అలవోకగా పెంచేవాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి కుండీకి చిల్లు ఉండాలి లాంటి మాటలు వదిలేస్తాను. ఒక్క హెచ్చరిక మాత్రం. తులసి, రోజ్‌మేరీ ఒకే కుటుంబానివైనా తులసి అలవాట్లు దీనికి లేవు. తులసి దాహమేస్తే వాడి చెప్తుంది, నీళ్ళు పోస్తే గంటలో లేచి నిలబడుతుంది. రోజ్‌మేరీ ఆకు గట్టిది, వాడినట్టు తొందరగా కనపడదు. కనపడేసరికి పని అయిపోయి ఉంటుంది.

కొనడం, మట్టి మార్చడం

కొనాల్సింది నవంబరు, జనవరి మధ్యలో. పాత లేబుల్ మీద రోస్మరైనస్ అఫిసినాలిస్ అని ఉన్నా, కొత్తదాని మీద సాల్వియా రోస్మరైనస్ అని ఉన్నా కంగారు పడొద్దు, రెండూ ఒకటే. 2017లో దీన్ని సాల్వియా ప్రజాతిలో కలిపారు. నిటారుగా పెరిగే రకం, నేల మీద పాకే రకం రెండూ దొరుకుతాయి. కోస్తాలో ఉన్నవాళ్ళు నిటారు రకమే తీసుకోండి. పాకే రకం చూడ్డానికి బాగుంటుంది గానీ, దాని పొదలోపల గాలి ఆడదు, వానాకాలంలో మధ్యనుంచి నల్లబడుతుంది.

మా చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. అక్కడ రోజ్‌మేరీని ఇళ్ళ ముందు కంచెలా పెంచుతారు, పట్టించుకునేవాళ్ళే ఉండరు. వాళ్ళ బాధ వేరు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన గడ్డకట్టే చలికి టెక్సస్‌లో చాలా మొక్కలు పోయాయి. అక్కడి ఆర్ప్ అనే ఊరి పేరే పెట్టుకున్న రకం ఒకటి చలికి ఓర్చుకుంటుందని ప్రసిద్ధి. ఆ పేరు విని ఇక్కడ ఎక్కువ డబ్బు పెట్టి కొనేవాళ్ళకి చెప్పేదేమిటంటే, మనకి కావాల్సింది చలికి ఓర్చుకునేది కాదు.

నర్సరీ మొక్క వేరుగుత్తి సాధారణంగా పూర్తిగా కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొట్టులో ఉంటుంది. దాన్ని అలాగే తీసి మంచి మట్టిలో పెడితే, చుట్టూ మట్టి ఆరిపోయినా మధ్యలో కోకోపీట్ ముద్ద రోజుల తరబడి తడిగానే ఉంటుంది. చలికాలంలో ఏమీ తెలియదు, వానల్లో చంపేది ఆ ముద్దే. అందుకే తెచ్చిన వారం పది రోజులకి వేరుగుత్తిని బకెట్ నీళ్ళలో నానబెట్టి, అగరబత్తి పుల్లతో కోకోపీట్‌ని మెల్లగా రాలగొడతాను. సగానికి పైగా పోతే చాలు. వేళ్ళు కొన్ని తెగుతాయి, అందుకు తగ్గట్టు పైన కొసలు కాస్త తుంచి నాలుగు రోజులు నీడలో ఉంచాలి. ఈ పని మార్చి దాటాక చేయొద్దు.

మట్టికి మాకు చుట్టుపక్కల దొరికేది నల్లరేగడి. దీనికి అది విషంతో సమానం. నూజివీడు వైపు నుంచి ఎర్రమట్టి తెప్పించుకుంటాను. ఎర్రమట్టి రెండు పాళ్ళు, గరుకు ఇసుక రెండు పాళ్ళు, పెర్లైట్ అనే తేలికపాటి తెల్ల గుళికలు గానీ చితక్కొట్టిన ఇటుక ముక్కలు గానీ ఒక పాలు, వర్మీకంపోస్ట్ అర పాలు. ఇసుకని జల్లెడ పట్టి, కిందికి జారిన సన్నటిది పారేసి పైన మిగిలిన దాన్నే వాడాలి. సన్న ఇసుక మట్టిని వదులు చేయకపోగా ఇంకా బిగిస్తుంది. తడిపిన మిశ్రమాన్ని పిడికిట్లో నొక్కి వదిలితే సున్నుండలా నిలబడకూడదు. నిలబడితే ఇంకో పాలు ఇసుక కలపండి.

గుడ్డు పెంకుల పొడి, సున్నం వేయమని ఎక్కడ చూసినా సలహాలు. మీది మా బోరు నీళ్ళలాంటి నీళ్ళే అయితే, అంటే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే, ఆ అవసరమే లేదు. నెలకోసారి అడుగునుంచి ధారగా కారేదాకా నీళ్ళు పోసి ఆ ఉప్పుని కడిగేయండి, అదీ వేసవిలోనే. ఎరువు విషయంలో చెయ్యి బిగించండి. చలికాలం మొదట్లో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి గుప్పెడు వర్మీకంపోస్ట్ చాలు. నత్రజని ఎక్కువైతే కొమ్మలు మెత్తగా సాగుతాయి, వాసన తగ్గుతుంది.

కుండీ రంగు వేయని మట్టిదై ఉండాలి. పది అంగుళాలది సరిపోతుంది, వేరుకి మించిన పెద్ద కుండీ పెడితే ఆరడం ఆలస్యమవుతుంది. కింద పళ్ళెం వద్దు, మూడు ఇటుక ముక్కల మీద లేపి పెట్టండి. వేసవిలో శ్లాబు వేడి తగలదు, వానల్లో చిల్లు మూసుకుపోదు.

కొమ్మతో కొత్త మొక్క

అసలు విషయం ఇది. కోస్తాలో రోజ్‌మేరీ పెంచేవాళ్ళు ఒక్క మొక్కని నమ్ముకోకూడదు. తల్లిమొక్క ఎంత బాగున్నా ఏటా పిల్లమొక్కలు చేసుకోవాల్సిందే. దీపావళి వెళ్ళి, తుఫాను వానలు సద్దుమణిగాక మొదలుపెట్టి జనవరి చివరికి ముగించండి. వేరు పట్టడానికి మట్టి వేడి 20 నుంచి 25 డిగ్రీలు ఉండాలంటారు. చలిదేశాల వాళ్ళు దానికోసం కరెంటు పరుపులు కొంటారు, మనకి మార్గశిరం, పుష్యం ఆ పని ఉచితంగా చేసిపెడతాయి.

ఏ కొమ్మ తీసుకోవాలన్నది సగం పని. లేత పచ్చది తేమకి కుళ్ళుతుంది, ముదిరిన గోధుమరంగు కర్ర వేరు పోయడానికి మొండికేస్తుంది. కొస ఆకుపచ్చగా ఉండి, మొదలు అప్పుడప్పుడే రంగు తిరుగుతున్న కొమ్మ కావాలి. వంచితే ముందు వంగి, ఆ తర్వాత టప్పున విరగాలి. పూత ఉన్న కొమ్మ వద్దు. మా దగ్గర పూత అరుదే గానీ, చల్లటి ఊళ్ళలో చూసుకోవాలి. ముందు రోజు సాయంత్రం తల్లిమొక్కకి నీళ్ళు పెట్టి, పొద్దున్నే ఎండ ఎక్కకముందు కోయండి.

పొడవు బెత్తెడు కంటే కాస్త ఎక్కువ. కణుపుకి సరిగ్గా కింద, పదునైన బ్లేడుతో కోయాలి. కత్తెరతో కోస్తే కాడ నలుగుతుంది. కింద సగం ఆకులు తీసేయాలి. తొందరగా కిందికి లాగితే బెరడు చీలిక లేచి వస్తుంది, అక్కడే కుళ్ళు మొదలవుతుంది. గోటితో ఒక్కొక్కటీ పైకి గిల్లండి. పక్కకొమ్మని మొదలు దగ్గర చిన్న బెరడు ముక్కతో సహా ఊడదీసి నాటినా బాగా వస్తుంది. ఆ బెరడు తోక పొడుగ్గా ఉంటే కత్తిరించాలి.

వేరు హార్మోన్ పొడి, అంటే ఐబీఏ, నేను వాడతాను. లేకపోయినా వేరు వస్తుంది, పొడితో త్వరగా, ఎక్కువ వేళ్ళు వస్తాయి. కోసిన మొదలుని తడిపి పొడిలో ముంచి, ఎక్కువైంది దులిపేయాలి. మందంగా పూస్తే మేలు కాదు, కీడు. దాల్చినచెక్క పొడి బూజుని కొంత ఆపొచ్చు, వేరు మాత్రం తెప్పించదు. పొడికి బదులు తేనె పూయమనే సలహా గురించి అడక్కండి.

నాటడానికి పెర్లైట్ మూడు పాళ్ళు, కోకోపీట్ ఒక పాలు. పెర్లైట్ దొరక్కపోతే జల్లెడ పట్టి కడిగిన గరుకు ఇసుక ఒక్కటే చాలు. ఎరువు చిటికెడు కూడా వద్దు. పెన్సిల్‌తో గుంట చేసి, చిన్న మట్టికుండీలో అంచు పొడుగునా నాటుతాను, గాలి ఆడేది అంచు దగ్గరే. ప్లాస్టిక్ కవరు కప్పడం గురించి ఊరిని బట్టి ఆలోచించండి. హైదరాబాదు చలికాలం గాలి పొడిగా ఉంటుంది, అక్కడ మూతి కొంచెం తెరిచి ఉన్న కవరు కప్పొచ్చు. విజయవాడలో, కాకినాడలో కప్పితే ఆకు అడుగున ఉండే తెల్లటి నూగు తడిసి బూజు పడుతుంది. పొద్దున ఒకసారి సన్నగా నీళ్ళు చిమ్మి వదిలేయడమే మేలు. వెలుతురు బాగా ఉండాలి, నేరుగా ఎండ తగలకూడదు.

మూడు నుంచి ఆరు వారాల్లో వేరు వస్తుంది. కొసన కొత్త ఆకు కనపడగానే వేరు పట్టిందని సంబరపడొద్దు, కాడలో దాచుకున్న శక్తితోనూ చిగురు వస్తుంది. రెండు వేళ్ళతో మెల్లగా పైకి లాగి చూడండి. పట్టు తగిలితే ఇంకో వారం ఆగి, మూడు అంగుళాల కప్పుల్లోకి పైన చెప్పిన మట్టి మిశ్రమంతో మార్చండి. జానెడు ఎత్తు రాకముందే కొస గిల్లితే గుబురుగా పెరుగుతుంది. నాటినవాటిలో సగం బతికినా నాకు సంతోషమే, అందుకే కావాల్సినవాటికి రెట్టింపు నాటుతాను.

గ్లాసు నీళ్ళలో పెట్టినా వేరు వస్తుంది, రోజూ చూసుకోవడం సరదాగానూ ఉంటుంది. కానీ నీళ్ళలో పుట్టిన వేరు పెళుసు, మట్టిలో పెట్టేటప్పుడు విరుగుతుంది. అలా చేస్తే వేరు అర అంగుళం దాటకముందే మార్చేయండి.

తల్లిమొక్క ముదిరి కర్రగా మారిపోయి, కత్తిరింపుకి పనికొచ్చే కొమ్మే లేదనుకోండి. అప్పుడు నేల అంటు కట్టాలి. కింది కొమ్మని పక్కన ఇంకో కుండీలోకి వంచి, మట్టిలోకి వెళ్ళే చోట అడుగువైపు బెరడుని అంగుళం మేర గీకి, వంచిన తీగముక్కతో నొక్కిపెట్టి, పైన మట్టి కప్పి ఓ రాయి పెట్టండి. తల్లి తిండి పెడుతూనే ఉంటుంది కాబట్టి ఇది ఫెయిలవడం తక్కువ. రెండు మూడు నెలలకి తల్లినుంచి కోసి, వెంటనే కదపకుండా ఇంకో రెండు వారాలు అక్కడే ఉంచాలి.

విత్తనాలా? మొలక తక్కువ, ఆలస్యం, వచ్చినవి తల్లిలా ఉంటాయన్న హామీ లేదు. ఆ డబ్బుతో ఒక మొక్క కొనుక్కోండి.

కత్తిరింపు

ఈమధ్య జుట్టుకి రోజ్‌మేరీ నీళ్ళు మంచివని మా అపార్ట్‌మెంట్‌లో అందరూ రెమ్మలు అడుగుతున్నారు. ఇస్తాను, కత్తెర మాత్రం నా చేతిలోనే ఉంటుంది. ఎందుకంటే ఆకు లేని పాత కర్ర దాకా కోస్తే అక్కడ మళ్ళీ చిగురు రావడం చాలా కష్టం. ఎప్పుడు కోసినా కోసిన చోటుకి కింద పచ్చటి ఆకులు మిగలాలి, ఒకేసారి మూడోవంతు మించకూడదు. మే చివర్లో పొదలోపలి సన్న పుల్లలు, ఎండిన ఆకులు ఏరేసి గాలికి దారి చేయండి.

వేసవి, వానలు

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండకి 50 శాతం షేడ్‌నెట్ చాలు. నల్ల గ్రోబ్యాగులు వాడేవాళ్ళు వాటిని తెల్లగుడ్డతో చుట్టండి, లోపల వేరు ఉడికిపోతుంది. ఎర్రనల్లి వచ్చేదీ అప్పుడే. పొద్దున పైపుతో ఆకు అడుగున గట్టిగా నీళ్ళు కొడితే చాలావరకు పోతుంది. పిండినల్లికి లీటరుకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కుంకుడు రసం కలిపి సాయంత్రం పూట.

మృగశిర కార్తె రాగానే కుండీలన్నీ చూరు కిందికి. పొద్దుటి ఎండ తగిలే తూర్పు బాల్కనీ అయితే ఇంకా మంచిది. పైన పారదర్శకమైన షీటు వేసుకుంటే నాలుగువైపులా తెరిచే ఉంచాలి. ఎరువు పూర్తిగా ఆపేయండి. నీళ్ళు రోజు లెక్కన కాదు, బరువు లెక్కన. కుండీ ఎత్తి చూడండి, తేలిగ్గా అనిపిస్తేనే పోయండి. ముసురులో వారం పాటు చుక్క అక్కర్లేకపోవచ్చు.

కొసలు మాత్రమే గోధుమరంగుకి తిరిగితే అది ఉప్పో, దాహమో కావచ్చు. కింది ఆకులు, లోపలి ఆకులు బూడిదరంగుకి మారి, కొమ్మ కొమ్మగా మొక్క పోతుంటే వేరు చూడాల్సిందే. నల్లబడి, లాగితే పైతొడుగు ఊడి వస్తుంటే మందులకి డబ్బు పెట్టొద్దు. ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం మట్టిలో ముందే కలుపుకోవాల్సింది, కుళ్ళిన వేరుని తిరిగి ఇవ్వదు. ఇంకా పచ్చగా ఉన్న కొసలు కోసి, ఆ రోజే ఇసుకలో నాటండి. జులైలో బతికేవి కొన్నే అయినా వేరే దారి లేదు.

అందుకే మే నెలలోనే పిల్లమొక్కలు రెండు మదనపల్లెలో ఉన్న మా పిన్ని గారింటికి పంపేస్తాను. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున్న ఊరు, రాత్రిళ్ళు చల్లబడతాయి, వానాకాలం అక్కడ ఈ మొక్కకి గండం కాదు. మళ్ళీ దీపావళికి అక్కడినుంచి కొమ్మలే వస్తాయి. పంపేటప్పుడు రెండు రోజులు నీళ్ళు ఆపి, కుండీ పైన గోనెపట్టా కట్టి, చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో నిలబెట్టి రాత్రి బస్సుకి ఇవ్వాలి. కొమ్మలైతే తడిగుడ్డలో మొదళ్ళు మాత్రమే చుట్టండి, ఆకులకి తడి తగలనివ్వొద్దు.