బడ్జీల జంట గూడు పట్టడానికి మా ఇంట పనిచేసిన క్రమం

మా బడ్జీల (చిన్న పెంపుడు చిలుకల) జంటకు ఏడాది వయసు దాటింది, మగపక్షి ఆడపక్షి నోటికి మేత కూడా అందిస్తోంది, అయినా ఆడపక్షి గూటి కోసం పంజరంలో కట్టిన కుండలోకి తొంగి చూసేది కాదు. కుండను మార్చడం, పెద్ద పంజరం కొనడం, నీటిలో విటమిన్ చుక్కలు కలపడం వంటివేవీ ఫలించలేదు.

ఆస్ట్రేలియా ఎండుభూముల్లో ఈ పక్షులు వానలు పడి గడ్డిగింజలు సమృద్ధిగా దొరికినప్పుడే గూడు పడతాయి కనుక, మొదట కుండను పూర్తిగా తీసేసి, మేత మీద దృష్టి పెట్టాను. కొర్రలతో పాటు మొలకెత్తించిన గింజలు, మునగాకు, కొత్తిమీర, అప్పుడప్పుడు ఉడికించిన కోడిగుడ్డు పెడుతూ, సున్నం (కాల్షియం) కోసం కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి గట్టి పెంకు అయిన కటిల్‌బోన్‌ను ఎప్పుడూ అందుబాటులో ఉంచాను. మన ఎండలకు మొలకలు, గుడ్డు త్వరగా పాడవుతాయి కాబట్టి, మిగిలినవాటిని రెండు గంటల్లోపే తీసివేయడం చాలా ముఖ్యం. తర్వాత, రోజుకు సుమారు 12 గంటల వెలుతురు అందేలా పంజరాన్ని వరండాలో అలికిడి లేని మూలకు మార్చాను. ఆడపక్షి ముక్కు పైన ఉండే మెత్తని భాగం ముదురు గోధుమరంగుకు తిరిగిన తర్వాతే కుండను మళ్ళీ, ఈసారి పైవరుసలో, కట్టాను. అప్పుడు అది తనంతట తానే లోపలికి వెళ్ళి, కొంతకాలానికి రోజు విడిచి రోజు గుడ్లు పెట్టింది.

మేత, వెలుతురు, చోటు దాదాపు ఒకేసారి మారాయి కనుక, అసలు కారణం ఏదో విడదీసి చెప్పలేను. అన్ని జంటలకూ ఇది పనిచేస్తుందనీ అనను. ఏడాది నిండని ఆడపక్షికి మాత్రం గుడ్డు అడ్డుపడి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది, దయచేసి దానికి కుండ పెట్టకండి.