గుజరాత్ బోట్ల మీదకి వేటకెళ్తున్నారా, ఇవి చేసి వెళ్ళండి

మన సిక్కోలు, విజయనగరం కుర్రాళ్ళు ఏటా వెరావల్ వైపు బోట్లెక్కుతారు కదా, 2018లో అలాగే వెళ్ళి పాకిస్తాన్‌కి చిక్కిన 20 మంది 2020 జనవరిలో గానీ వాఘా దగ్గర బయటపడలేదు.

ముందు తండేలుని, అంటే బోటు నడిపించే పెద్దని అడగండి, జీపీఎస్ ఉందా, అందులో సరిహద్దు గీత పెట్టారా అని. గుజరాత్ సరిహద్దులో ఉన్న సర్ క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర మనకీ పాకిస్తాన్‌కీ మధ్య సముద్ర హద్దే తేలలేదు కాబట్టి చేప ఎంత ఉన్నా అటు పోనివ్వొద్దు. ఆపదొస్తే కోస్ట్‌గార్డ్ నంబరు 1554.

ఆధార్, మత్స్యకారుల కార్డు మీ దగ్గర పెట్టుకుని కాపీలు, బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఇంట్లో ఇచ్చి వెళ్ళండి, ఇదే అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే పట్టుబడితే మనవాడేనని మన దేశం నిర్ధారించాకే విడుదల సంగతి కదులుతుంది.

పట్టుబడ్డారని తెలిస్తే ఇంట్లోవాళ్ళు వెంటనే మత్స్యశాఖ ఆఫీసుకీ కలెక్టరేట్‌కీ రాసివ్వాలి. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి, అందులో మనోడి పేరుందో లేదో కనుక్కోండి, అరెస్టయిన 3 నెలల్లో మన ఎంబసీ వాళ్ళని కలవనివ్వాలని కూడా అందులోనే ఉంది, అది గుర్తుపెట్టుకుని గట్టిగా అడగండి.